రెండుసార్లు పడితే గేటు

1974 మే 6

నిన్న సాయంత్రం గాలివాన. ఆఫీసు వెనక కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. మొవ్వు మాడిపోయింది. అంతటితో ఆగక తీగల వెంట వచ్చి ఫోను బోర్డులోకి దిగింది. ఆ సమయానికి నేను బోర్డు ముందునుంచి టీకి లేచి వెళ్ళాను. ప్రభువు దయ. తిరిగి వచ్చేసరికి గదంతా లక్క కాలిన వాసన. బోర్డు మీద ఫోనుకొకటి ఉండే చిన్నమూతలన్నీ ఒక్కసారే పడి ఉన్నాయి. ఎత్తితే నిలవడం లేదు.

ఆస్పత్రి మొత్తానికి ఇరవై ఫోన్లు. ఒక్కటీ పలకడం లేదు.

మే 7

ఆస్పత్రి నడిపే మదర్ గారు వచ్చి చూశారు. ఆమె మాట నాకు బాగా తెలుస్తుంది. నాకు ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడిగా అంటారు. మలయాళం ఆమె కదా, తెలుగు వెతుక్కుంటారు కాబోలు.

"ఇది ఇంక బాగవదు, అంతోనీ. కొత్తది తేవాలి."

"చిత్తం మదర్."

ఆమె ఏమన్నా నాది అదే మాట.

మే 9

బోర్డు లేకపోతే అందరూ కాళ్ళతో తిరగాల్సి వస్తోంది. కాన్పుల వార్డు ఆయా శౌరమ్మ పొద్దున్నించీ డాక్టరమ్మ ఇంటికీ గేటుకీ ఎండలో పరుగులే. నా భార్య సంపూర్ణకి చెల్లెలు. మధ్యాహ్నం నా గది గుమ్మంలో కూలబడింది.

"నీ బోర్డు చచ్చి నా ప్రాణాలు తీస్తంది బావా! నువ్వు మాత్రం మహారాజులాగా కుర్చీలో కూచున్నావ్. కాసేపు నువ్వు పరిగెత్తరాదూ?"

"నేనెక్కడ పరిగెత్తను?"

"అదీ నిజమేలే. నువ్వు పరిగెడితే నీ వెనక మళ్ళీ నేను పరిగెత్తాల."

శౌరమ్మది చిన్నప్పటినుంచీ పెద్దగొంతు. కాలవ ఇవతల మాట్లాడితే అవతల గేదెలు తలెత్తేవి.

చేతులు ఊరుకోవడం లేదు. కాలిన బోర్డునే తుడిచాను. మూతలు ఎత్తాను. పడ్డాయి.

మే 10

ఈ డైరీ మా డాక్టరమ్మ ఛాయాదేవి గారు ఇచ్చింది. మందుల కంపెనీ వాళ్ళది. సగం ఖాళీగా ఉంది. పని లేదు కనుక రాస్తున్నాను.

బోర్డు పని నాకెవరూ నేర్పలేదు. కూర్చోగా కూర్చోగా పట్టుబడింది. ఎవరైనా వాళ్ళ ఫోను హేండిల్ తిప్పితే ఇక్కడ వాళ్ళ పేరు మీద మూత పడుతుంది. ఎత్తుతాను. మళ్ళీ పడకపోతే వాళ్ళకి డాక్టరమ్మ ఇల్లు కావాలి. రెండోసారి పడితే గేటు. మూడోసారి కూడా పడితే వంటిల్లు. డాక్టరమ్మ ఇల్లు దగ్గర, గేటు దూరం, వంటిల్లు ఇంకా దూరం. దూరాన ఉన్నవాణ్ణి గట్టిగా కేకేసినట్టే, దూరం ఫోనుకి ఎక్కువసార్లు తిప్పుతారు. మనిషి గుణం అది. ఈ సంగతి కనిపెట్టింది నేనే. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత వాళ్ళేదో చెబుతారు. "సరేనమ్మా" అని వాళ్ళకి కావాల్సిన ఫోను బెజ్జంలో తీగ గుచ్చుతాను. చెప్పింది పూర్తిగా వినాల్సిన పని కూడా లేదు.

సంపూర్ణ ఉన్న రోజుల్లో, అదే కాన్పుల వార్డులో ఆయాగా చేసేది, మధ్యాహ్నం ఆ మూత నాలుగుసార్లు పడేది. నాలుగంటే ఎవరూ లేరు. అన్నం పెట్టానని.

మే 12, ఆదివారం

గుడికి వెళ్ళి, నా తప్పులు చెప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ఫాదర్ గారు జాలీ వెనకనుంచి గుసగుసగా చెబుతారు. ప్రాయశ్చిత్తం ఎన్ని జపాలన్నారో సరిగా తెలియలేదు. ఎప్పటిలాగే మరియమ్మకి మూడు మంగళవార్త జపాలు చెప్పుకున్నాను.

ఎడమచెవిలో కాస్త గుబిలి. వెల్లుల్లి నూనె కాచి వేసుకున్నాను.

మే 15

కొత్త బోర్డు మద్రాసునుంచి రైల్లో రావాలట. రైళ్ళు ఆగిపోయి వారమైంది. సమ్మె. స్టేషన్లలో కాపలా పోలీసులే తప్ప మనుషులు లేరని గేటు దగ్గర ఉండే జీపు డ్రైవరు రత్తయ్య చెప్పాడు. అతను ఏం చెప్పాలన్నా ముందు భుజం మీద చెయ్యి వేస్తాడు. మంచి మర్యాద.

మే 20

మదర్ గారు రత్తయ్యని తీసుకుని బెజవాడ వెళ్ళి వచ్చారు. అక్కడ మూసేసిన కంపెనీ ఒకటి సామాను అమ్ముతోందట. రెండు బోర్డులు చూశారట. ఒకటి మన పాతదానిలాంటిదే, హేండిల్, మూతలు. రెండోది దీపాలది. ఫోనుకి హేండిలే ఉండదు. రిసీవరు ఎత్తితే చాలు, ఇక్కడ దీపం వెలుగుతుంది.

మదర్ గారు దీపాలదే కావాలన్నారట. హేండిల్‌ది చవకట, అయినా వద్దన్నారట.

రత్తయ్య నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

మే 21

హేండిల్‌ది ఎందుకు వద్దన్నారు.

మే 22

కొత్త బోర్డుకి కొత్త మనిషిని కూడా చూస్తారేమో. నాకు బాగానే వినిపిస్తుంది. ఈ మధ్య వచ్చే నర్సులే నోట్లో నోట్లో మాట్లాడతారు.

పొద్దున కాకి అరవడం విన్నాను. కిటికీ మీదే ఉంది.

మే 25

బోర్డు లారీలో వచ్చింది. గోనెలు కప్పి తెచ్చారు. బెజవాడ భవానీపురంనుంచి మెకానిక్కు సంజీవరావు గారు కూడా దిగారు. పాతదాన్ని ఊడదీసి వరండాలో పడుకోబెట్టారు. శవాన్ని బయట పెట్టినట్టుంది. దాటుకుంటూ నడవాల్సి వస్తోంది.

మే 28

సంజీవరావు గారు పనిమంతుడే. కానీ పొద్దస్తమానం దవడన కిళ్ళీ. పైగా తల బోర్డు వెనక పెట్టి మాట్లాడతాడు. ఆయన మాట ఎవరికి అర్థమవుతుంది?

ఇవాళ ఏదో అడిగాడు. "సరేనండి" అన్నాను. తల బయటికి తీసి నా వైపు వింతగా చూశాడు.

"సరే కాదండీ పెద్దాయనా. పాత బోర్డుకి మీ అలవాట్లేవైనా ఉంటే చెప్పమంటున్నా. ఒక్కోచోట ఒక్కో పద్ధతి ఉంటది. కొత్తదాంట్లో సర్దుతాను."

ఏముంటాయి? ఏమీ లేవన్నాను. తర్వాత అడగాలనిపించింది.

"ఈ ఫోన్లకి హేండిల్ పెట్టడానికి కుదరదా అండీ?"

"హేండిలా?" పెద్దగా నవ్వాడు. "కారు కొనుక్కుని ఎద్దుల్ని ఎక్కడ కట్టాలి అన్నాడంట మీలాంటోడే. చెయ్యి నొప్పి లేకుండా చేస్తుంటే హేండిలంటారేంటండీ?"

మళ్ళీ అడగలేదు.

మే 30

హన్నా అని చిన్నపిల్ల, తొలికాన్పు, కాళ్ళు నీరు పట్టి వార్డులో చేరింది. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ కదలనివ్వడం లేదు. ఆ పిల్ల మొగుడు ఇశ్రాయేలు, కూలిపని. వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు కనుక నా కిటికీ బయట అరుగు మీద కూర్చుంటున్నాడు. నాకు టీ తెచ్చిపెట్టాడు. వద్దన్నా వినలేదు.

సాయంత్రం కిటికీ ఊచలు పట్టుకుని ఏదో అడిగాడు. తల వంచుకుని అడిగాడు. నేను తల ఊపాను. ఆ కుర్రాడి మొహం వెలిగింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఏమడిగి ఉంటాడు?

మే 31

శౌరమ్మ మైలవరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది. బుధవారం వస్తానంది. "ఈలోపల కొత్త పెళ్ళాంతో కాపరం మొదలెట్టేయి బావా" అని బోర్డు వైపు చెయ్యి చూపించింది. సంజీవరావు గారు పడీపడీ నవ్వాడు.

జూన్ 2, ఆదివారం

పూజ అయ్యాక బోర్డుని ఆశీర్వదించారు. ఫాదర్ గారు తీర్థం చల్లబోతే సంజీవరావు గారు చేతులు అడ్డం పెట్టాడు.

"స్వామీ, స్వామీ! కరెంటు సామాను. గోడ మీద చల్లండి, అందులోకి అదే దిగుద్ది!"

అందరూ నవ్వారు. మదర్ గారు కాన్పుల వార్డుకి వెళ్ళి రిసీవరు ఎత్తారు. ఎర్రదీపం వెలిగింది. బఠాణీగింజంత ఉంది, బాగా కనబడుతుంది. తీగ గుచ్చాను. హెడ్‌ఫోనులో తేనెటీగల రొద.

"సరే మదర్" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఏమన్నారో. "బాగుందా అంతోనీ" అనే అయి ఉంటుంది.

జూన్ 3

దీపం వెలుగుతుంది. అలాగే ఉంటుంది. ఒకసారా, రెండుసార్లా అన్నది లేదు. ఎవరు పిలుస్తున్నారో తెలుస్తుంది. ఎవరికోసమో తెలియదు.

పొద్దున పరవాలేదు. ఆరున్నరకి వంటిల్లు గేటుని అడుగుతుంది, పాలవాడు వచ్చాడా అని. ఎనిమిదింటికి ఆఫీసు మదర్ గారిని అడుగుతుంది. రోజూ జరిగేవే.

పదిగంటలకి మందుల గదినుంచి దీపం వస్తే డాక్టరమ్మకి ఇచ్చాను. వాళ్ళకి కావాల్సింది వంటిల్లట. వేడినీళ్ళు పంపమని డాక్టరమ్మని గదమాయించారట. ఆమె నవ్వుకుంటూ వచ్చి నా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం అంతోని గారూ, నాకు ప్రమోషనిచ్చారు?"

కొత్త కదా. చెయ్యి తిరగాలి.

జూన్ 4

ఆరు తప్పులు. పోనీ ఏడు.

"గట్టిగా చెప్పమ్మా, కొత్త ఫోను కదా" అన్నాను ఒకసారి. గట్టిగానే చెప్పి ఉంటుంది. రొద పెద్దదైంది. మాట కాలేదు.

సంజీవరావు గారిని హెడ్‌ఫోను చూడమన్నాను. ఆయన పెట్టుకుని విన్నాడు. కిళ్ళీ ఉమ్మి వచ్చి నాకు దగ్గరగా నిలబడ్డాడు.

"మాట ఖంగున గంటలాగా ఉందండీ."

రేపు ఆయన బెజవాడ వెళ్ళిపోతాడు.

జూన్ 5

జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం మూడు దాటింది. కాన్పుల వార్డు దీపం వెలిగింది. తీగ గుచ్చి "చెప్పమ్మా" అన్నాను. కొత్త నర్సు అమలమ్మ గొంతు అనుకుంటాను. సన్నటి రొద, ఆగకుండా. ఆ వార్డు డాక్టరమ్మకోసమే పిలుస్తుంది ఎక్కువగా. "సరేనమ్మా" అన్నాను. డాక్టరమ్మ ఇంటికి ఇచ్చాను. గంట కొట్టాను. ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను.

ఇంట్లో ఎవరూ లేరు. డాక్టరమ్మ అప్పటికే వార్డులో ఉన్నారు. నాకది తెలియదు.

మళ్ళీ అమలమ్మ. మళ్ళీ రొద. అరుస్తోందని మాత్రం తెలిసింది. నేను మళ్ళీ "సరేనమ్మా" అన్నాను. ఎందుకన్నాను? మళ్ళీ అదే ఇంటికి గంట కొట్టాను.

కిటికీలో ఇశ్రాయేలు మొహం. ఊచలు పట్టుకుని ఉన్నాడు. నోరు కదులుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. వార్డు వైపు చెయ్యి చూపిస్తున్నాడు, నా వైపు చూపిస్తున్నాడు. హన్నాకి ఏదో అయింది. అది మటుకు తెలిసింది. ఎవరిని పిలవాలి? మదర్ గారినా? మందుల గదా? ఇరవై బెజ్జాలున్నాయి. తీగ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు దీపం ఆరిపోయింది.

వెలిగింది. ఆరింది. వెలిగింది.

ఆగింది. మళ్ళీ ఆరింది, వెలిగింది. ఆరింది, వెలిగింది.

రెండు.

నేను ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే గేటుకి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే రత్తయ్య ఫోను పారేసి జీపు వైపు పరిగెత్తుతున్నాడు. హన్నాని మంచంతో సహా మోసుకొచ్చారు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. డాక్టరమ్మ చెప్పులు లేకుండా ఎక్కారు. ఇశ్రాయేలు వెనక వేలాడుతూ వెళ్ళాడు.

బెజవాడ వెళ్ళారు. ఇప్పుడు ఆరు. ఇంకా ఏ కబురూ లేదు.

జూన్ 6

కబురు లేదు. ట్రంకుకాలుకి చెప్పారట. రావడం లేదు.

బోర్డు ముందు కూర్చున్నాను. ప్రతి దీపానికీ అదే కబురేమో అనుకుంటున్నాను.

రెండుసార్లు. ఎవరు చేశారు? అమలమ్మ వచ్చి నెల కాలేదు. మూతలు పడడం ఆ పిల్ల చూడనే లేదు. దూరం వాళ్ళకి ఎక్కువసార్లు తిప్పుతారు, అది మనిషి గుణం. కానీ తిప్పడానికి హేండిలేదీ?

జూన్ 6, సాయంత్రం

రత్తయ్య వచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ముందు ఆ చేతిని చూశాను, తర్వాత మొహం.

"తల్లీ పిల్లా బాగున్నారు. ఆడపిల్ల. ఉయ్యూరు దాటాక ఫిట్సు మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ సూది పొడుస్తానే ఉంది, నేను తోల్తానే ఉన్నా. చేర్చిన పావుగంటకి ఆపరేషన్." తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ కుర్రోడు నీకు దణ్ణాలు చెప్పమన్నాడు. 'తాత మాటిచ్చాడు, ఏదన్నా అయితే క్షణంలో జీపు పిలుస్తానని' అంటా దారంతా అదే పాట."

అదా నన్నడిగింది. దానికా నేను తల ఊపింది.

జూన్ 7

శౌరమ్మ దగ్గరికి వెళ్ళాను. బట్టలు ఆరేస్తోంది. మైలవరంనుంచి బుధవారం మధ్యాహ్నమే వచ్చిందట, తిన్నగా డ్యూటీకి.

"రెండుసార్లు చేసింది నువ్వేనా?" అన్నాను.

"మరి? ఆ పిల్ల 'గేటు గేటు' అని గొంతు చించుకుంటంది. నువ్వు 'సరేనమ్మా' అంటన్నావంట. నా ఒళ్ళు మండి ఫోను లాక్కున్నా. తిప్పుదామంటే హేండిల్ లేదు! ఏం చెయ్యాలో తెలీక రిసీవరు పెట్టే ఆ కొమ్ముల్నే రెండుసార్లు నొక్కా. దీపమో దెయ్యమో నాకేం తెలుసు."

"రెండంటే గేటని నీకెవరు చెప్పారు?"

తడిబట్ట చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. మొదటిసారి ఆమె గొంతు తగ్గించింది. అయినా పెదాలు చూస్తే తెలిసింది.

"అక్క చెప్పింది. అందరికీ అక్కే చెప్పింది. కొత్త నర్సెవరొచ్చినా ముందు ఫోను కాడికే తీసుకెళ్ళేది. ఒకటి డాక్టరమ్మ, రెండు గేటు, మూడు వంటిల్లు. తిప్పి ఊరుకోకండి, ఏదో ఒకటి మాట్లాడండి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు అనేది. అక్క పోయాక నేను చెప్తన్నా. అమలమ్మ వచ్చేలోపే పిడుగు పడింది."

నేను బకెట్లోంచి ఇంకో బట్ట తీసి ఆమెకి అందించాను.

"కోపమొచ్చిందా బావా?"

లేదన్నాను. వచ్చిందో లేదో నాకే తెలియదు.

జూన్ 8

దూరం వాళ్ళకి ఎక్కువసార్లు తిప్పుతారని రాసుకున్నాను. పైన ఉంది. కొట్టివేయలేదు.

జూన్ 8, మధ్యాహ్నం

మదర్ గారితో చెప్పాను. "నాకు వినబడదు మదర్." అంతే. నిలబడే చెప్పాను.

ఆమె కళ్ళద్దాలు తీశారు. "తెలుసు, అంతోనీ. అందుకే దీపాలది తెచ్చాను. చెవితో పని తక్కువ ఉంటుందని. హేండిల్‌తో నీకు ఇంత లెక్క ఉందని నాకెవరూ చెప్పలేదు."

నన్ను పంపించేయడానికి కాదు. నాకోసం తెచ్చారు. నేనెన్ని రోజులు ఏమేమి అనుకున్నాను!

"నువ్వు మాతో చెప్పలేదు. మేం నీతో చెప్పలేదు. ఆ అమ్మాయి మధ్యలో పడింది" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. నాకు అన్ని మాటలూ తెలిశాయి.

"ఒక్క మనవి మదర్. కాన్పుల వార్డునుంచి గేటుకి వేరే తీగ వేయించండి. నా చేతిమీదుగా వద్దు."

ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. సరేనన్నారు. ఈ మాట అడగడానికి నాకు కష్టమైంది. సంపూర్ణ పనిచేసిన ఆ వార్డు దీపం నా కుడిచేతి పక్కనే ఉంటుంది.

జూన్ 9, ఆదివారం

పాపసంకీర్తనంలో ఫాదర్ గారు జాలీకి ఆనించి ఐదు వేళ్ళు చూపించారు. శౌరమ్మ ఈయనకీ చెప్పినట్టుంది. లేకపోతే ఆయనకి ముందే తెలుసో. ఐదు జపాలూ చెప్పుకున్నాను. ఇన్నాళ్ళూ రెండేసి బాకీ పడ్డానో ఏమో.

జూన్ 12

సంజీవరావు గారు మళ్ళీ వచ్చి వార్డుకీ గేటుకీ విడిగా తీగ లాగాడు. ప్రతి ఫోను పక్కనా అట్టముక్క అంటించారు. ఒకటి డాక్టరమ్మ, రెండు గేటు, మూడు వంటిల్లు. మిగతావాటికి వచ్చి చెప్పండి అని కింద. మదర్ గారి దస్తూరీ. అందరూ చదివేలా.

"ఇది మొన్నే చెప్పుంటే బాగుండేది కదండీ పెద్దాయనా" అన్నాడు. కిళ్ళీ ఉమ్మేసి వచ్చి, ఎదురుగా నిలబడి అన్నాడు.

"చెప్పాల్సిందండీ" అన్నాను.

జూన్ 13

పొద్దుట్నించీ ఒక్క తప్పూ లేదు. ఒకటి, మూడు, ఒకటి, రెండు. నా చెయ్యి నాకు తిరిగి వచ్చినట్టుంది. కాన్పుల వార్డు దీపం మాత్రం వెలగలేదు. గేటుతో వాళ్ళే మాట్లాడుకుంటున్నారు. అదే మంచిది.

పన్నెండు దాటాక వెలిగింది. ఆరింది, వెలిగింది. లెక్కపెట్టాను.

నాలుగు.

అట్టముక్క మీద నాలుగు లేదు. నాలుగు సంగతి నేనెవరికీ చెప్పలేదు. సంపూర్ణ చెల్లెలికి చెప్పి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

తీగ గుచ్చలేదు. లేచి, చేతులు కడుక్కుని, అన్నానికి వెళ్ళాను.